అవార్డు తీసుకోండమ్మా, కానీ ఆ ఒక్క పేజీ ఇలా రాయండి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. మీరు విజయనగరం జిల్లాలో ఒక తహసీల్దారు కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటు. నాలుగేళ్ల సర్వీసు. కులం, ఆదాయం సర్టిఫికెట్ల దరఖాస్తులు కాగితాలు సరిపోక వెనక్కి పోతుంటే చూడలేక, దేనికి ఏ కాగితం జత చేయాలో ఒక పట్టిక రాసి మండలంలోని అన్ని గ్రామ సచివాలయాల డిజిటల్ అసిస్టెంట్లకు పంపారు. రోజూ ఉదయం వాట్సాప్ గ్రూపులో వాళ్ల అనుమానాలు తీర్చారు. తిరస్కరణలు తగ్గాయి. ఇప్పుడు ఆగస్టు 15న కలెక్టరు గారి చేతుల మీదుగా ఇచ్చే ప్రశంసా పత్రానికి మీ పేరు పంపుతామని, చేసిన పని ఒక పేజీలో రాసివ్వమని తహసీల్దారు గారు అడిగారు. సీనియర్లేమో ‘అందరం పనిచేస్తే ఒక్కరికే అవార్డా’ అంటున్నారు. వద్దని చెప్పేయాలా, రాస్తే ఏం రాయాలి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు అన్నారు.

నేను శ్రీకాకుళం జిల్లా రెవెన్యూలో ముప్పై మూడేళ్లు పనిచేసి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. 2016 ఆగస్టు 15న అలాంటి పత్రమే నేనూ అందుకున్నాను. ఆ విషయంలో గర్వపడేదీ ఉంది, ఇప్పటికీ బాధపడేదీ ఉంది. రెండూ చెబుతాను, మీకు పనికొస్తాయి.

ముందు మీ మొదటి ప్రశ్నకు జవాబు. వద్దనకండి.

పరేడ్ గ్రౌండులో మైకులో పిలిచే పేర్లు ఎక్కువగా తుపాను డ్యూటీ, ఎన్నికల డ్యూటీ, టార్గెట్లు పూర్తి చేసినవాళ్లవి. అవి కష్టమైన పనులే. తుపాను రాత్రి పడిన చెట్టు కొట్టించి రోడ్డు తెరిపించిన మనిషిని ఊరంతా చూస్తుంది. ఒక దరఖాస్తు వెనక్కి పోకుండా ఆపిన మనిషిని ఎవరూ చూడరు. ఒక తల్లి కూలి మానుకుని మండలానికి రెండోసారి రావాల్సిన అవసరం పడలేదు. రానిదాన్ని ఫొటో ఎలా తీస్తారు? ఇలాంటి పనికి నలుగురిలో గుర్తింపు వస్తేనే పక్క మండలంలో కూర్చున్న ఇంకో జూనియర్ అసిస్టెంటుకి ఇదీ ఒక పనేనని తెలుస్తుంది. మీరు మొహమాటపడి తప్పుకుంటే జాబితాలోకి మరో పేరు ఎక్కుతుంది, అంతే. మీ పట్టిక మాత్రం మీ మండలం దాటదు.

ఇక నా సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. తీరం దాటింది విశాఖ దగ్గరే అయినా మన రెండు జిల్లాల్లోనూ పంటలు, తోటలు పోయాయి. నష్టం జాబితాలు సరిచూస్తుంటే పట్టాదారు కాలమ్‌లో చాలా పేర్ల ముందు పెన్సిలుతో ‘లేటు’ అని రాసి ఉంది. మనిషి పోయి పదేళ్లు దాటినా భూమి ఇంకా ఆయన పేరునే ఉంది. దున్నుతున్న కొడుకు పేరు 1బిలో, అంటే భూమి ఎవరిదో చెప్పే రికార్డులో, లేదు. బ్యాంకులో పంట రుణం పుట్టదు. నష్టపరిహారం చనిపోయినవాళ్ల పేరున వస్తే దాన్నేం చేసుకోవాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఎందుకు మార్పించుకోలేదని ఎవరినడిగినా జవాబు ఒక్కటే. వారసత్వ మ్యుటేషన్‌కి, అంటే పోయినవాళ్ల భూమిని వారసుల పేరుకి మార్చడానికి, వారసులందరి వాంగ్మూలం తీసుకోవాలి. మన శ్రీకాకుళం ఇళ్లలో వారసులందరూ ఒకచోట ఎప్పుడుంటారు చెప్పండి? పెద్దవాడు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలో, రెండోవాడు చెన్నైలో, తీరం ఊరైతే ఇంకొకడు గుజరాత్‌లో వెరావల్ పడవల మీద. ఆడపిల్ల అత్తారింట్లో. ఫలక్‌నుమా జనరల్ బోగీలో రాత్రంతా నిలబడి శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగి, ఆమదాలవలస నుంచి బస్సు పట్టుకుని మండలానికి వస్తే, ఆ రోజు ఊరి రెవెన్యూ అధికారి వీఆర్వో గారు మీటింగుకి వెళ్లి ఉంటారు. రెండు రోజులు చూసి మళ్లీ రైలెక్కేసేవాళ్లు. మా ఫైల్లో ‘వారసులు హాజరు కాలేదు’ అని రిమార్కు పడేది. మా రికార్డు ప్రకారం తప్పు వాళ్లదే.

2015 చివర్లో ఒక సాయంత్రం నేనూ సీనియర్ అసిస్టెంటూ ఈ ఫైళ్లు ముందేసుకుని తల పట్టుకున్నాం. మా ఆఫీస్ సబార్డినేటు ఒకాయన టీ తెచ్చి పెడుతూ విన్నాడు. వయసులో నాకంటే పెద్ద, బాబాయ్ అనే పిలిచేవాళ్లం. ‘పండక్కి ఊరంతా దిగిపోద్ది గదా బాబూ, అప్పుడు రాయించుకుంటే సరి’ అన్నాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అన్నేళ్లుగా జనవరిలో మేం చేస్తున్నదేమిటి? సంక్రాంతి సెలవులు ఎప్పుడొస్తాయా అని మా సెలవు చీటీలు మేం రాసుకోవడం. మనుషులందరూ ఊళ్లో ఉండే ఆ నాలుగు రోజులూ మా ఆఫీసుకి తాళం.

తహసీల్దారు గారు ఒప్పుకున్నారు. డిసెంబరు మొదట్లోనే ఊరూరా దండోరా వేయించాం. ఏ ఊరికి ఏ రోజు వస్తామో పంచాయతీ గోడ మీద రాయించాం. బయట ఉన్నవాళ్లకి ఇంట్లోవాళ్ల చేత ఫోన్లు చేయించాం. మరణ ధ్రువీకరణ పత్రం లేనివాళ్లకి పంచాయతీ సెక్రటరీలు ముందే ఇచ్చారు. మీసేవలో దరఖాస్తు పెట్టించి, 1బి, అడంగల్ (సాగు వివరాల రికార్డు) నకళ్లు ఊరి వారీగా కట్టలు కట్టి ఉంచాం. 2016 జనవరిలో భోగికి ముందు రోజుల్లో వీఆర్వో, ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు), నేను ఊళ్లోనే కూర్చున్నాం. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకే బల్ల ముందు నిలబడి వాంగ్మూలం ఇచ్చారు. అభ్యంతరాల నోటీసు అదే రోజు అక్కడే అంటించాం. గొడవ ఉన్నవి పక్కన పెట్టాం, అవి మేం తేల్చేవి కావు. మిగతావాటిలో ఏళ్ల తరబడి పడి ఉన్నవి చాలావరకు ఫిబ్రవరికి తేలిపోయాయి. ఒక్క రూపాయి అదనపు బడ్జెట్ లేదు, కొత్త సాఫ్ట్‌వేర్ లేదు.

నేను మీకు చెప్పదలచుకున్న ముఖ్యమైన విషయం ఇక్కడే ఉంది. ప్రతి పనిలోనూ చట్టం అడిగే రోజులు కొన్ని ఉంటాయి, మనం కలిపే రోజులు కొన్ని ఉంటాయి. మ్యుటేషన్‌కి మీసేవ గడువు 30 రోజులు. అందులో అభ్యంతరాల నోటీసుకు 15 రోజులు పోతాయి. ఆ 15 రోజులు మనవి కావు. దూరంగా ఉన్న హక్కుదారుకి కబురు అందడానికి ఇచ్చిన రోజులవి. వాటిని ముట్టుకోకూడదు. తపాలాలో వచ్చిన కాగితం సెక్షన్‌కి చేరడానికి పట్టిన రోజులు, సెక్షన్ నుంచి వీఆర్వోకి, అక్కడి నుంచి ఆర్ఐకి, డిప్యూటీ తహసీల్దారు టేబుల్ మీద ఉన్న రోజులు, సంతకానికి ఆగిన రోజులు మాత్రం పూర్తిగా మనవే. నేను ఒకసారి పర్సనల్ రిజిస్టర్లు (ఏ కాగితం ఎప్పుడు వచ్చి ఎప్పుడు వెళ్లిందో రాసేవి) తెప్పించుకుని తేదీలు పక్కపక్కన రాసి చూశాను. ఒక ఫైలు మీద మనిషి నిజంగా కూర్చుని పనిచేసిన సమయం మొత్తం కలిపితే గంట, గంటన్నర. మిగతా వారాలన్నీ అది ఏదో ఒక టేబుల్ మీద ఊరికే పడి ఉంది.

ఈ తేడా తెలియకుండా వేగం కోసం పరుగెత్తితే ఏమవుతుందో కూడా చూశాను. ఒక కార్యాలయంలో నోటీసుకి పాత తేదీ వేసి అంటించారు. మ్యుటేషన్ తొమ్మిది రోజుల్లో అయిపోయింది. రివ్యూ మీటింగులో ఆ ఆఫీసును మెచ్చుకున్నారు. ఆ ఇంటి ఆడపడుచుకి తన పేరు వారసుల్లో లేదన్న సంగతి ఏడాది తర్వాత పండక్కి వచ్చినప్పుడు తెలిసింది. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెళ్లికాని కూతురికి హిందూ ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఉంది, దేశమంతటికీ అది వచ్చింది 2005లో. ఆమె మా దగ్గరికొచ్చి ‘నాకెవరూ చెప్పలేదండీ’ అంటే, ఆ ఆఫీసు మాది కాకపోయినా తలెత్తి మాట్లాడలేకపోయాను.

కాబట్టి మీ పేజీలో మొదటి వాక్యం ఇదే అవ్వాలి: ఏ రోజులు తగ్గించారు, అవి ఎవరి రోజులు. మీ విషయంలో జవాబు సుఖంగా ఉంది. విచారణలో ఒక్క మెట్టూ తీసేయలేదు. కాగితం సరిపోక వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చే రోజులు మాత్రమే పోయాయి. ఇది స్పష్టంగా రాయండి.

‘పారదర్శకత, జవాబుదారీతనం, వినూత్న విధానం’ లాంటి మాటలు వదిలేయండి. జిల్లా నలుమూలల నుంచి వచ్చే పేజీలన్నిటిలో అవే ఉంటాయి. కమిటీలో కూర్చున్నవాళ్లకి ఒక మనిషి కనబడాలి. ఇంటర్ పాసైన అమ్మాయి కౌన్సెలింగ్ కోసం సర్టిఫికెట్‌కి వచ్చింది అనుకోండి. పట్టిక లేనప్పుడు ఆమె ఎన్నిసార్లు వచ్చింది, ఆటోకి ఎంత పెట్టింది, వెంట వచ్చిన నాన్న ఎన్ని రోజుల కూలి పోగొట్టుకున్నాడు. ఇప్పుడు ఎన్నిసార్లు వస్తోంది. ఇది తెలుసుకోవడం కష్టమేమీ కాదు. మీ దగ్గర దరఖాస్తుదారుల ఫోన్ నంబర్లు ఉన్నాయి. పాతవాళ్లు ఇరవై మందికి, ఈ మధ్యవాళ్లు ఇరవై మందికి ఫోన్ చేసి ‘ఎన్నిసార్లు తిరిగారండీ’ అని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. మీకు నచ్చని జవాబులు కూడా రాయండి, అవే మీకు తర్వాత పని చూపిస్తాయి.

అంకెలు పోల్చేటప్పుడు జూన్‌ని జూన్‌తోనే పోల్చండి. కాలేజీ అడ్మిషన్ల కాలంలో వచ్చే దరఖాస్తుల వరదకీ నవంబరులో వచ్చే నాలుగు చుక్కలకీ పోలిక లేదు. నవంబరులో తిరస్కరణలు తక్కువగా ఉన్నాయంటే అది మీ గొప్ప కాకపోవచ్చు. ఇది చూసే అధికారులు చూస్తారు.

ఇంకో జాగ్రత్త. ‘బియాండ్ ఎస్‌ఎల్‌ఏ సున్నా’, అంటే గడువు దాటిన ఫైలు ఒక్కటీ లేదు, అన్న మాట మీద మాత్రం మీ పేజీ కట్టకండి. గడువు దాటకుండా ఫైలు మూసేయడం ఎంత తేలికో మనకు తెలుసు. సోమవారం పిటిషన్ తీసుకుని, శుక్రవారం ఒక ఎండార్స్‌మెంట్ (రాతపూర్వక జవాబు) ఇచ్చి మూసేస్తే స్క్రీన్ మీద ఆకుపచ్చ కనబడుతుంది. ఆ మనిషి వచ్చే సోమవారం అదే కాగితం పట్టుకుని అదే క్యూలో నిలబడతాడు. సోమవారం అర్జీలు తీసుకునే కార్యక్రమాన్ని గ్రీవెన్స్ సెల్ అన్నప్పుడూ ఇంతే, స్పందన అన్నప్పుడూ ఇంతే, ఇప్పుడు పీజీఆర్‌ఎస్ అన్నా ఇంతే. ఎన్ని మూశారన్నదాని కంటే ఎన్ని మళ్లీ తెరుచుకున్నాయి అన్నది రాస్తే మీ నిజాయితీ ఆ అంకెలోనే తెలుస్తుంది.

నేను ఉద్యోగంలో ఉండగా 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి ‘కార్డ్’ పేరుతో కంప్యూటర్లు వచ్చాయి, 2011లో మీసేవ వచ్చింది, 2019 అక్టోబరు 2న ఊళ్లోకి సచివాలయం వచ్చింది, 2025 జనవరిలో మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోకే సేవలు వచ్చాయి. ప్రతి మెట్టూ జనానికి కొంత నడక తగ్గించింది. కానీ దరఖాస్తు చేతికొచ్చాక టేబుల్ మీద పడి ఉండే రోజుల్ని ఏ యంత్రమూ తగ్గించలేదు. అది తగ్గించింది మీలాంటివాళ్లు. అందుకే మీ పేరు వెళ్లాలని ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు మీ సీనియర్ల మాట. వాళ్ల మాటలో నిజం ఉంది. నా పేజీలో నేను ఏం రాశానో చెబితే మీకే తెలుస్తుంది. ‘వారసత్వ మ్యుటేషన్ల పరిష్కారానికి సంక్రాంతి సమయంలో ప్రత్యేక శిబిరాలు నిర్వహించుట’ అని నా పేరు మీద రాసుకున్నాను. వీఆర్వోల పేర్లు లేవు. భోగి ముందు రోజు ఇల్లు వదిలి ఊళ్లో నాతోపాటు రాత్రి ఎనిమిది దాకా కూర్చున్న ఆర్ఐ పేరు లేదు. అసలు ఆ ఆలోచన చెప్పిన బాబాయ్ పేరు లేదు. కావాలని వదిలేశానా అంటే కాదు, నాకు తట్టనే లేదు. ఆగస్టు 15న ఆయన గ్రౌండులో తాడు అవతల నిలబడి చప్పట్లు కొట్టాడు. తర్వాత చేతులు తుడుచుకుని ఆ పత్రం తీసుకుని నిదానంగా చదివాడు. ‘బాగుంది బాబూ’ అని తిరిగి ఇచ్చాడు. ఆయన చదువుతున్నప్పుడు నాకు తెలిసింది. ఆయన రిటైర్మెంటు సభలో లేచి ఆ ఆలోచన ఆయనదేనని చెప్పాను. కానీ సభలో చెప్పిన మాట సర్వీసు రిజిస్టరులోకి ఎక్కదమ్మా.

మీరు ఆ పని చేయకండి. పేజీ రాసేముందే సీనియర్ అసిస్టెంటు గారి దగ్గరికి వెళ్లి ‘సార్, ఇది మీరు చూడాలి’ అని చూపించండి. మీ పట్టికలో ఏ కాగితం తప్పనిసరో, ఏది అడగనక్కరలేదో మీకు ఎవరు చెప్పారు? నాలుగేళ్ల సర్వీసులో అవన్నీ మీ అంతట మీకు తెలిసి ఉండవు. చెప్పినవాళ్ల పేరు, హోదా రాయండి. ఉదయం తొమ్మిదింటికి మీ మెసేజ్‌కి జవాబిచ్చిన డిజిటల్ అసిస్టెంట్ల పేర్లు సచివాలయం వారీగా రాయండి. వీలైతే మొత్తం సెక్షన్‌కి ఇవ్వమని తహసీల్దారు గారిని కోరండి. ఒక్క పేరే పంపాలంటే ‘వీరందరి తరఫున’ అని రాతలో ఉండనివ్వండి. మా రోజుల్లో ఇలా అడిగినవాళ్లు లేరు. అడిగితే ఒప్పుకునేవారేమో.

ప్రమోషన్ గురించి కూడా వాళ్లకి లోపల అనుమానం ఉండొచ్చు. ఈ పత్రం వల్ల మీరు ఎవరినీ దాటిపోరు. సీనియర్ అసిస్టెంటు కావాలంటే సీనియారిటీ ఉండాలి, డిపార్ట్‌మెంటల్ పరీక్షలు పాసవ్వాలి. ఆ మాట మీరే మామూలుగా అనేయండి, సగం బరువు దిగుతుంది.

చిన్న విషయాలు రెండు. పత్రం అందాక నకలు జత చేసి సర్వీసు రిజిస్టరులో నమోదు చేయమని రాతపూర్వకంగా కోరండి. నోటి మాటతో వదిలేస్తే మర్చిపోతారు. తర్వాత ఊళ్లో ఏదో సంఘం వాళ్లు శాలువా కప్పి సన్మానం చేస్తామంటారు. పై అధికారి అనుమతి లేకుండా ఒప్పుకోకండి, మన ప్రవర్తనా నియమావళి అందుకు అడ్డం. డబ్బో వస్తువో ఇస్తామంటే మర్యాదగా వద్దని చెప్పండి.

పెద్ద అవార్డుల గురించి అడిగారు. ఏప్రిల్ 21న సివిల్ సర్వీసెస్ దినోత్సవం నాడు ప్రధానమంత్రి ఇచ్చేవి ఎక్కువగా జిల్లాలకు, సంస్థలకు. 1947లో అదే రోజున ఢిల్లీలో మెట్‌కాఫ్ హౌస్‌లో సర్దార్ పటేల్ కొత్త ఐఏఎస్ అధికారులతో మాట్లాడారని ఆ తేదీ పెట్టుకున్నారు. దానితో ఇచ్చే 20 లక్షల రూపాయలు కూడా మనిషి జేబులోకి వెళ్లవు, జిల్లాలో ప్రజల పనికే వాడాలి. మీ పట్టిక జిల్లా అంతటా అమలైతే ఆ దారి తెరుచుకోవచ్చు. ఇప్పుడు దాని గురించి ఆలోచించకండి.

నేను చేసిన రెండో తప్పు దీనికంటే పెద్దది. 2016 వేసవి బదిలీల్లో నన్ను వేరే మండలానికి పంపారు. పత్రం అందుకునేనాటికే నేను అక్కడ లేను. ఆ తర్వాత వచ్చిన మొదటి సంక్రాంతికే నాకు హైదరాబాద్ నుంచి ఒక ఫోన్ వచ్చింది. ‘సార్, ఈసారి ఏ తారీఖున కూర్చుంటున్నారు? మా తోడల్లుడు వాళ్లది ఉండిపోయింది, టికెట్లు తీసుకోవాలి’ అన్నాడు. నేను ఆ మండలంలో లేనని చెప్పాను. ‘మీరు లేకపోతే లేదా సార్’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అక్కడ ఆ ఏడాది దండోరా వేయలేదు. ఎందుకంటే మేం చేసినదంతా మా తలల్లోనే ఉంది. ఒక ఆఫీస్ ఆర్డర్ లేదు, డిసెంబరు మొదటి వారంలో ఏం చేయాలో రాసిన ఒక్క కాగితం లేదు. కొత్తగా వచ్చినాయన్ని తప్పు పట్టలేను, ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మీ పట్టిక ఇప్పుడు ఎక్కడుంది? మీ ఫోనులో. వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్ మీరు. రేపు మీకు బదిలీ అయితే, లేదా ప్రసూతి సెలవు మీద ఆరు నెలలు వెళ్తే? అందుకని అవార్డు పేజీ కంటే ముందు ఇంకో పేజీ రాయండి. తహసీల్దారు గారి సంతకంతో ఆఫీస్ ఆర్డర్. పట్టిక దానికి అనుబంధం. కొత్త జీవో వచ్చినప్పుడు పట్టిక మార్చే బాధ్యత మీ పేరుకి కాక మీ సీటుకి రాయించండి. గ్రూపుకి ఇంకో ఇద్దరిని అడ్మిన్లుగా చేయండి. ఆ ఆర్డర్ నంబరు, తేదీ అవార్డు పేజీ చివర రాయండి.

గడువు ఇంకా పది రోజులు ఉందన్నారు. రేపు ఆదివారం కదా, ఆ నలభై ఫోన్లు రేపే మొదలుపెట్టండి, కూలికి వెళ్లేవాళ్లు సాయంత్రం ఆరు తర్వాత దొరుకుతారు. రాసిన పేజీ ఇక్కడ పెట్టండి. దరఖాస్తుదారుల పేర్లు, నంబర్లు తీసేసి పెట్టండి. నేను రాత్రి భోజనం అయ్యాక చూస్తాను, దిద్దాల్సినవి ఉంటే దిద్ది చెబుతాను.